జొన్నచేను దానంతట అది బతకదు

కోల్‌కతాలో జొన్నపిండి కోసం ఇప్పుడు వెతకనక్కర్లేదు. పెద్ద దుకాణాల అరల్లో జొన్న, రాగి, కొర్ర పొట్లాలు ఎదురుగానే కనిపిస్తున్నాయి. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. అదే ఏడాది కేంద్ర బడ్జెట్ ప్రసంగం వీటిని ‘శ్రీ అన్న’ అని పిలిచింది. వరి అన్నమే అన్నమనుకునే ఈ ఊళ్లో కూడా డాక్టర్లు జొన్నరొట్టె తినమంటున్నారు. సంతోషించాల్సిన సంగతే. అయితే ఆ పొట్లాలతో పాటు ఒక నమ్మకం కూడా ఇంటింటికీ చేరుతోంది. జొన్నకు నీళ్లు అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, మందు అక్కర్లేదు. ఎంత బీద నేలలోనైనా చల్లి వదిలేస్తే దానంతట అదే పండుతుంది. దీన్ని సభల్లో చెబుతున్నారు, పత్రికల్లో రాస్తున్నారు, మన తెలుగువాళ్లూ ఎక్కడ నలుగురు కలిసినా గొప్పగా చెప్పుకుంటున్నారు.

ఈ మాట నిజం కాదు. పైగా రైతుకు కీడు చేసే మాట. ఏమీ అక్కర్లేని పంటకు పరిశోధన దేనికి, నిధులు దేనికి, మంచి విత్తనం దేనికి అనే ప్రశ్న దీని వెనకే వస్తుంది. పంట పోయినప్పుడు తప్పంతా రైతు నెత్తిన పడుతుంది. దానంతట అదే పండే పంటను కూడా పండించుకోలేకపోయాడని నలుగురూ అనుకుంటారు.

జొన్నకు మొవ్వ ఈగ ఉంది, కాండం తొలిచే పురుగు ఉంది, గింజ గట్టిపడే వేళ వాన పడితే బూజు ఉంది. జొన్న పండించిన ఏ రైతును అడిగినా ఇవి చెబుతాడు. ఈ వ్యాసం మాత్రం అన్నిటికన్నా తక్కువగా మాట్లాడుకునే ఒక శత్రువు గురించి. దాని పేరు జొన్నమల్లె.

జానెడు ఎత్తు మొక్క. సన్నని ఆకులు, చిన్న తెల్లపూలు. చూసిన కంటికి ముద్దొచ్చేలా ఉంటుంది. శాస్త్రజ్ఞులు దీన్ని స్ట్రైగా అంటారు. మన చేలలో పెరిగేవి ముఖ్యంగా స్ట్రైగా ఏషియాటికా, స్ట్రైగా డెన్సిఫ్లోరా. వృక్షశాస్త్రజ్ఞుడు లీనియస్ 1753లోనే వీటిలో ఏషియాటికాను తన పుస్తకంలో చేర్చుకున్నాడు, అప్పటి పేరు వేరు. సామర్లకోటలో ఏళ్ల తరబడి మన మొక్కలు సేకరించి బొమ్మలు వేయించిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వచ్చి హుగ్లీకి అవతల శివపూర్ వృక్షశాస్త్ర తోట బాధ్యత తీసుకున్నాడు. అలా తెలుగు నేల మొక్కల జ్ఞానం చాలా ముందుగానే ఈ నగరానికి చేరింది. 19వ శతాబ్దం చివరికి జోసెఫ్ హుకర్ బ్రిటిష్ ఇండియా వృక్షసంపద మీద తెచ్చిన మహాగ్రంథంలో స్ట్రైగా జాతులకు పేర్లూ వర్ణనలూ స్థిరపడ్డాయి. ఆకు ఎలా ఉంటుందో పువ్వు ఎలా ఉంటుందో పుస్తకం చెప్పింది. ఆ మొక్క మట్టి కింద జొన్నను ఏం చేస్తుందో తేలడానికి మాత్రం ఇంకా చాలా కాలం పట్టింది. అసలు కథ ఆ మట్టి కిందే ఉంది.

మల్లె విత్తనం ధూళి రేణువంత ఉంటుంది, మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. ఒక్కో మొక్క వేల నుంచి పదుల వేల దాకా విత్తనాలు రాలుస్తుంది. అవి నేలలో పదేళ్లు దాటినా చావవు. తేమా వెచ్చదనమూ తగిలినంత మాత్రాన మొలకెత్తవు కూడా. అంత చిన్న విత్తనంలో దాచుకున్న తిండి ఏమీ ఉండదు కనుక, దగ్గర్లో ఆతిథ్యమిచ్చే వేరు లేకుండా మొలిస్తే కొద్ది రోజుల్లో చస్తుంది. అందుకని జొన్న వేరు మట్టిలోకి వదిలే ఒక రసాయనం కోసం కాచుకుని ఉంటుంది. అది సోకగానే మొలుస్తుంది, కొన్ని మిల్లీమీటర్ల దూరం పాకి వేరును పట్టుకుంటుంది, వేరులోకి చొచ్చుకుని నీళ్లు మోసే గొట్టాలకు తన గొట్టాలను కలుపుకుంటుంది. ఆ తర్వాత నెలకు పైగా పైకి రాదు. నీళ్లూ పోషకాలూ లాక్కోవడం ఒక్కటే అయితే నష్టం కొంతతో ఆగేది. పట్టుబడిన జొన్న తన ఆకుల్లో తిండి తయారుచేసుకోవడం కూడా తగ్గించేస్తుంది, గిడసబారిపోతుంది, తడి ఉన్న నేలలోనే ఎండకు వాడిపోయినట్టు కనిపిస్తుంది. రైతు వాన చాలలేదనుకుంటాడు. మల్లె మట్టిని చీల్చుకుని తల ఎత్తేసరికి నష్టంలో ఎక్కువ భాగం జరిగిపోయి ఉంటుంది.

ఇక బీద నేలలో జొన్న హాయిగా పండుతుందన్న మాట చూద్దాం. మల్లెను లేపే ఆ రసాయనాన్ని మొదట 1966లో పత్తి వేళ్ల నుంచి వేరుచేశారు, స్ట్రైగాల్ అని పేరు పెట్టారు. ఆ కుటుంబానికంతటికీ ఇప్పుడు స్ట్రైగోలాక్టోన్లు అని పేరు. తనకు హాని చేసే కలుపును పిలిచే పదార్థాన్ని మొక్క ఎందుకు తయారుచేస్తుందన్నది దాదాపు నలభై ఏళ్ల పాటు తేలని ప్రశ్న. 2005లో జపాన్ శాస్త్రజ్ఞులు జవాబు చూపించారు. అది వేళ్లతో కలిసి బతికే మేలు శిలీంధ్రానికి మొక్క పంపే కబురు. ఆ శిలీంధ్రం మట్టిలోంచి భాస్వరం తెచ్చి మొక్కకిస్తుంది. నేలలో భాస్వరం తక్కువైన కొద్దీ మొక్క ఈ కబురు ఎక్కువగా పంపుతుంది. ఆ కబురునే మల్లె వింటుంది. అంటే ఎరువు ఎరగని చెలక నేలలో, సారం తగ్గిన మెట్టలో, జొన్నకు ఏమీ అక్కర్లేదని మనం చేతులు దులుపుకున్న చోట, మల్లెకు పిలుపు బాగా గట్టిగా వినిపిస్తుంది. అక్కడే వానలూ తక్కువ, అప్పు పుట్టడమూ తక్కువ. జొన్న మొండి పంట కనుక బీద నేలకు సరిపోతుందని చెప్పేవాళ్లు దాన్ని తీసుకెళ్లి మల్లె నోటికే అందిస్తున్నారు.

కలుపే కదా, పీకేస్తే పోతుందని ఇంకొందరు అంటారు. పీకాలి, పువ్వు గింజ కట్టకముందే పీకాలి. వచ్చే ఏళ్లకు నేలలో విత్తనం పెరగకుండా అది కాపాడుతుంది. ఈ ఏటి పంటకు మాత్రం పెద్దగా ఒరగబెట్టేది లేదు, ఎందుకంటే కనిపించేనాటికే ఆలస్యం. పైకి వచ్చాక కొట్టే 2,4-డి లాంటి మందుకూ ఇదే పరిమితి. పీకేది ఎవరన్నది కూడా ఆలోచించాలి. మన పల్లెల్లో కలుపు తీత ఆడవాళ్ల పని. నడుం వంచి చేనంతా తిరిగి ఒక్కో మొక్కా లాగాలి. లాగిన చోట మళ్లీ వారానికి ఇంకో విడత తేలుతుంది. కూలి ఇచ్చి ఇన్ని విడతలు తీయించేంత ఆదాయం వానాధారపు జొన్నలో ఉంటే ఆ రైతు జొన్న వదిలి పత్తికి పోయేవాడు కాదు.

పత్తి మాట వచ్చింది కనుక మరో వాదన కూడా ఇక్కడే తేల్చాలి. ఇప్పుడు చేలలో మల్లె అంతగా కనపడటం లేదు కదా, అది పాతకాలపు సమస్య అని చదువుకున్నవాళ్లే అంటున్నారు. 1970ల మొదట్లో దేశంలో జొన్న 1.7 కోట్ల హెక్టార్ల దాకా ఉండేది. ఇప్పుడది 40 లక్షల హెక్టార్ల చుట్టుపక్కల ఉంది. జొన్నే లేని చోట జొన్నమల్లె కనపడదు. పైగా తెలంగాణలో జొన్న వదిలిన నేలల్లో చాలావరకు పత్తి వచ్చింది. పత్తి వేరు మల్లెను లేపుతుంది గాని ఆశ్రయం ఇవ్వదు, లేచిన మొలక పట్టు దొరకక చస్తుంది. అలా కొంత విత్తనం తగ్గి ఉంటుంది. అయితే వేరు పక్కన పడ్డ విత్తనాన్నే అది లేపగలదు, మిగిలింది నేలలో నిద్రపోతూనే ఉంటుంది. ఇప్పుడు మనమే జొన్నను మళ్లీ పిలుస్తున్నాం. పంట తిరిగొస్తే కలుపు రాదనుకోవడానికి ఆధారమేముంది?

దీన్ని చిన్న విషయమనుకునేవాళ్లు అమెరికా సంగతి తెలుసుకోవాలి. 1956లో కరొలైనా రాష్ట్రాల మొక్కజొన్న చేలలో ఈ స్ట్రైగా ఏషియాటికా బయటపడింది. దాన్ని గుర్తుపట్టినవాడు మన దేశం నుంచి చదువుకోవడానికి వెళ్లిన విద్యార్థి అని ఆ చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ఆ ప్రభుత్వం వెంటనే ఆ ప్రాంతం నుంచి మట్టి, పంట, యంత్రాలు బయటికి వెళ్లకుండా కట్టడి చేసింది. జొన్న వేరు లేకుండానే మల్లెను మొలిపించి చంపడానికి భూమిలోకి ఇథిలీన్ వాయువు ఎక్కించింది. దశాబ్దాల పాటు డబ్బు పోసి దాదాపు తుడిచిపెట్టింది. రెండు రాష్ట్రాల్లో కొన్ని జిల్లాలకు వచ్చిన కలుపు మీద అంత పట్టుదల చూపించారు. మన మెట్ట రైతు ఎకరానికి ఇథిలీన్ ఎక్కించలేడు, ఆ యంత్రం కొనే స్తోమత అతనికి లేదు. అతని చేతికి అందేది విత్తనం ఒక్కటే. కాచుకునే శక్తి ఏదైనా ఆ విత్తనంలోనే ఉండాలి.

ఆ శక్తి ఊహ కాదు. దాన్ని వెతికి పట్టిన పని మన హైదరాబాద్ పక్కనే జరిగింది. పటాన్‌చెరువులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ మొదటి దశాబ్దంలోనే మల్లెను తట్టుకునే జొన్నల వేట మొదలుపెట్టింది. కె.వి. రామయ్య, ఎం.జె. వాసుదేవరావు వంటివాళ్లు ఆ పని మీద ఏళ్లు పెట్టారు. ఆ పనిలోని అసలు కష్టం బయటివాళ్లకు తెలియదు. మల్లె చేనంతా ఒకేలా ఉండదు. ఒక మూల దట్టంగా, ఇంకో మూల అసలు లేకుండా ఉంటుంది. ఒక జొన్న రకం మీద మల్లె రాలేదంటే ఆ రకం తట్టుకుందో, ఆ మడిలో విత్తనమే లేదో చెప్పలేం. దీనికి వాసుదేవరావు బృందం చదరంగం పలకలా మడులు వేసింది. పరీక్షించే ప్రతి రకానికీ చుట్టూ తేలిగ్గా లొంగిపోయే రకాన్ని పెట్టి, దాని మీద వచ్చిన మల్లెతో పోల్చి తీర్పు చెప్పింది. వాళ్ల పద్ధతిలో ఒక రకం మూడు మెట్లు దాటితే గాని తట్టుకునేదని పేరు రాదు. ఈ ఓపికలోంచి సార్ 1 వంటి రకాలు పుట్టాయి.

ఆ పరీక్షల్లో లొంగిపోయే రకంగా పెట్టింది సీఎస్‌హెచ్-1. దేశపు మొదటి సంకర జొన్న అది, 1964లో విడుదలైంది. దానికి అమెరికా నుంచి వచ్చిన కాఫిర్ జొన్న తల్లి, ఐఎస్ 84 అనే జొన్న తండ్రి. మన జొన్న దిగుబడి మీద ఆశలు రేపిన విత్తనం, అందుకు దాని గౌరవం దానికి ఉంది. కానీ మల్లె పట్టిన నేలలో అది నిలవలేకపోయింది. దిగుబడి ఒక్కటే కొలతగా విత్తనాన్ని ఎంచితే ఏమవుతుందో ఇంతకన్నా సూటిగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. మంచి నేలలో, ఎరువు వేసిన మడిలో గెలిచిన రకం రైతు చేలో ఓడిపోతుంది. ఓడిపోయిన సంగతి పరీక్షా కేంద్రపు లెక్కల్లోకి ఎక్కదు కూడా.

మల్లెకు ఎదురు నిలిచిన వాటిలో ఎన్-13 అనే జొన్న ఉంది, మన దేశపు దుర్ర జాతిది. 1984లో దాని వేళ్లను సూక్ష్మదర్శిని కింద పరిశీలించినప్పుడు లోపలి పొరల గోడలు దళసరిగా కనిపించాయి. మల్లె వచ్చి వేరుకు అంటుకున్నా లోపలి గొట్టాల దాకా చేరలేక ఆగిపోతుంది. దేశవాళీ విత్తనం గొప్పతనం గురించి మాట్లాడేవాళ్లు ఎన్-13 పేరు ఎప్పుడూ ఎత్తరు, నాకది బాధ కలిగిస్తుంది. అలాగని పాత విత్తనాలన్నీ మల్లెను ఆపుతాయని చెప్పడానికి ఎన్-13ను సాక్ష్యంగా తేవడం కూడా తప్పే. దేశవాళీ రకాల్లో ఎక్కువ భాగం లొంగిపోయేవే. వేల రకాల మధ్య ఇలాంటి కొన్నిటిని గుర్తించింది చదరంగపు మడుల్లో చేసిన లెక్క. భక్తితో ఆ లెక్క రాదు. పాత విత్తనాన్ని నిజంగా ప్రేమించేవాళ్లు దాన్ని మల్లె పట్టిన నేలలో పరీక్షించమని పట్టుబట్టాలి.

తట్టుకునే దారి ఇదొక్కటే కాదు. సూడాన్‌లో వెలుగులోకి వచ్చిన ఎస్‌ఆర్‌ఎన్39 అనే జొన్న మల్లెను అసలు లేపనే లేపదు. ఇథియోపియాలో పుట్టి, ఒకప్పుడు ఇక్రిశాట్ తరఫున సూడాన్‌లో పనిచేసి, తర్వాత అమెరికాలో పర్‌డ్యూ విశ్వవిద్యాలయానికి వెళ్లిన గెబిసా ఎజెటా ఈ గుణాన్ని పట్టుకుని ఆఫ్రికా రైతులకు పనికొచ్చే రకాలు తయారుచేశాడు. 2009లో ప్రపంచ ఆహార బహుమతి ఆయనకు వచ్చింది. ఆ గుణం వెనకున్న జన్యువు 2017లో బయటపడింది. అది పాడైన జొన్నలో వేరు వదిలే స్ట్రైగోలాక్టోన్ రూపం మారిపోతుంది. శిలీంధ్రానికి కబురు అందుతుంది, మల్లె చెవికి సరిగా వినపడదు.

ఇక్కడ ఇంకో తొందరపాటు మొదలవుతుంది. జన్యువు దొరికింది కదా, దాన్ని అన్ని జొన్నల్లోనూ కత్తిరించేస్తే సమస్య తీరుతుందని కొందరు అంటున్నారు. తీరదు. స్ట్రైగోలాక్టోన్ మొక్కకు హార్మోను కూడా. పిలకలు ఎన్ని వేయాలో, ఎలా ఎదగాలో అది నిర్ణయిస్తుంది. దాన్ని కదిలిస్తే పంటకు ఎంతో కొంత ఖర్చు ఉంటుందని 2020లో వచ్చిన పరిశోధన సూచించింది. మల్లె ఎక్కువగా ఉన్న ఆఫ్రికా ప్రాంతాల జొన్నల్లోనే ఆ పాడైన జన్యువు ఎక్కువగా కనిపిస్తుందని కూడా అదే చూపింది. పైగా మల్లె ఒకటి కాదు. ఆఫ్రికాలోని స్ట్రైగా హెర్మోంథికా వేరు, మన ఏషియాటికా వేరు. ఒకే జాతిలో కూడా ఊరూరికీ తేడాలు ఉంటాయి. ఒక్క తలుపు మూస్తే ఇంకో తలుపు వెతుక్కునే మొక్క అది, దానికి ఏటా లక్షల విత్తనాల బలం ఉంది. లేపని గుణాన్నీ ఎన్-13లోని దళసరి గోడనూ ఒకే విత్తనంలో కూర్చాలి. ఆ విత్తనాన్ని మహబూబ్‌నగర్‌లో ఒకసారి, కర్నూలులో ఒకసారి, షోలాపూర్‌లో ఒకసారి పరీక్షించాలి. పటాన్‌చెరువు మడి ఒక్కటీ దేశానికంతటికీ హామీ ఇవ్వలేదు.

విత్తనం ఒక్కటే అన్నీ చేస్తుందని నేను అనడం లేదు. పశువుల ఎరువు, భాస్వరం, కంది, బొబ్బర్ల వంటి పప్పుజాతి అంతరపంట ఇవన్నీ కావాలి. కెన్యాలో జెయాఉర్ ఖాన్ బృందం మొక్కజొన్న మధ్య డెస్మోడియం వేసి స్ట్రైగాను అణచిన పద్ధతి వేల కుటుంబాల పంట కాపాడింది. మన దగ్గర జొన్నలో కంది వేసే ఆచారం ఎన్నో తరాలది, దాన్ని వదులుకోకూడదు. కానీ వీటన్నిటికీ కొంత డబ్బు, కొంత పశుసంపద, కొంత సమయం ఉండాలి. కౌలు రైతుకు రేపు ఈ పొలం తన చేతిలో ఉంటుందో లేదో తెలియదు. నేలను బాగుచేయమని అతనికి చెప్పేముందు తట్టుకునే విత్తనం చేతికివ్వడం మర్యాద.

కోల్‌కతా వాళ్లకు ఇదంతా దూరపు మాటగా అనిపించవచ్చు. కానీ ఈ నగరం చేపలు వేయించే ఆవనూనె వెనక కూడా ఇలాంటి కథే ఉంది. రాజస్థాన్, హర్యానా ఆవచేలలో వేళ్లను పట్టుకునే ఒరోబాంకీ అనే కలుపును అక్కడి రైతులు మర్గోజా అంటారు, మన పొగాకు రైతులకు దాని తోబుట్టువు పొగాకుమల్లెగా తెలుసు. పొగాకుకు రాజమండ్రిలో 1947లోనే కేంద్ర పరిశోధనా సంస్థ ఏర్పడింది. అది మంచిదే, పొగాకు రైతు కూడా రైతే. జొన్నకు హైదరాబాద్‌లో చిరుధాన్యాల పరిశోధనా సంస్థ ఉంది, 2023 బడ్జెట్ దాన్ని శ్రేష్ఠతా కేంద్రంగా నిలుపుతానంది. ఆ మాటకు తూకం ఎంతో మల్లె మడుల్లో తేలాలి.

అడగవలసినవి కష్టమైన కోరికలు కావు. జొన్న రకాలను విడుదలకు ముందు పరీక్షించే కేంద్రాల్లో మల్లె విత్తనం కలిపిన మడులు నడవాలి. వాటిలో ఎరువు తక్కువ వేసిన మడులూ ఉండాలి, ఎందుకంటే రైతు నేల అలాంటిదే. ప్రభుత్వ విత్తనమైనా ప్రైవేటు సంకరమైనా, మల్లె మడిలో దాని నడత ఏమిటో సంచి మీద తెలుగులో అచ్చు వేయాలి. ‘పరీక్షించలేదు’ అయితే ఆ మాటే రాయాలి. జన్యు బ్యాంకులో ఉన్న ఎన్-13 వంటి రకాలను ఇవాళ్టి దిగుబడి రకాలతో సంకరం చేసే పని ప్రభుత్వ సంస్థలే చేయాలి. ఇలాంటి విత్తనాన్ని రైతు మరుసటి ఏడు తనే దాచుకుని వేసుకోగలడు, కనుక కంపెనీలకు అందులో లాభం తక్కువ. శ్రీ అన్న పేరుతో ఖర్చయ్యే డబ్బులో వంటల పోటీలకూ మేళాలకూ పోయేదెంతో, ఈ మడులకు పోయేదెంతో ఏటా బయటపెట్టమని జొన్న తినే నగరాలు అడగాలి. కోల్‌కతా కూడా అడగాలి.